బ్యాట్‌మ్యాన్ ఆర్ఖమ్ సిటీ: ఎలా ఆడితే మజా, ఎక్కడ ఆడితే తలనొప్పి

మా మేనల్లుడు భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడండి, మొన్నామధ్య ఫోన్ చేసి మావయ్యా సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నాను, గ్రాఫిక్స్ కార్డు పాతది, దాంట్లో ఆడే సూపర్ హీరో గేమ్ ఏదైనా చెప్పు అన్నాడు. నేను ఆలోచించకుండా ఆర్ఖమ్ సిటీ అన్నాను. వారం తిరక్కుండా మళ్ళీ ఫోను, ఏంటి మావయ్యా ఇది, ఒకటే బటన్ టకటకా నొక్కడమే కదా, ఊరంతా నీలం రంగు, ఎక్కడ చూసినా ఆకుపచ్చ క్వశ్చన్ మార్కులు, దీనికా నువ్వు అంత బిల్డప్ ఇచ్చావు అని. వాడు ఎలా ఆడాడో ఒక్కొక్కటీ అడిగితే అప్పుడర్థమైంది, ఈ గేమ్‌లో ఏది గొప్పో దాని జోలికే వాడు పోలేదు, ఏది వీకో దాంట్లోనే వారం రోజులు మఠం వేసుక్కూర్చున్నాడు. తప్పు సగం వాడిది, సగం గేమ్‌ది, ఎందుకంటే ఈ గేమ్ తన బలం ఎక్కడుందో మనకి సరిగ్గా చెప్పదు. అందుకే వాడికి ఫోన్లో చెప్పిందంతా ఇక్కడ రాసేస్తున్నాను, ఇంకొకళ్ళకి పనికొస్తుందని.

నేనెవరంటే, ఆకివీడు దగ్గర రొయ్యల చెరువుల మీద ఉంటాను. రాత్రుళ్ళు గట్టు మీద షెడ్డులో కాపలా. పాత కంప్యూటర్ ఒకటి అక్కడే పెట్టుకున్నా, ఒక చెవికి హెడ్‌ఫోను, రెండో చెవి చెరువు నీళ్ళల్లో గాలి కలిపే ఏరేటర్ల మీద, శబ్దం మారిందంటే గేమ్ ఆపి పరిగెత్తాలి. తెల్లారగట్ల నీళ్ళల్లో ఆక్సిజన్ పడిపోయే టైము కాబట్టి అప్పుడు ఆటలేదు, పదింటి నుంచి ఒంటిగంట దాకే మన టైము. ఇలా మూడు సార్లు పూర్తి చేశాను ఈ గేమ్‌ని.

ముందు గేమ్ గురించి రెండు ముక్కలు. లండన్‌లో ఉండే రాక్‌స్టెడీ అనే స్టూడియో 2009లో ఆర్ఖమ్ అసైలమ్ తీసింది, అది ఒక దీవి మీద పిచ్చాసుపత్రిలో ఒక్క రాత్రి జరిగే కథ. 2011లో దాని తర్వాతి భాగం ఈ ఆర్ఖమ్ సిటీ, అక్టోబర్‌లో ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360ల మీద, నవంబర్‌లో కంప్యూటర్ మీద వచ్చింది. గోథమ్ సిటీలో పాడుబడ్డ ఒక పెద్ద ముక్కకి చుట్టూ గోడ కట్టేసి, ఖైదీలందరినీ లోపల వదిలేసి, మీ చావు మీరు చావండి అన్నారు. దాంట్లోకి బ్యాట్‌మ్యాన్ వెళ్ళి పడతాడు, కథ మొదలు. ఈ గోడ ఐడియా ఉంది చూశారూ, అది పైకి కథలా కనిపిస్తుంది గానీ అసలు గేమ్ తీసినోళ్ళ తెలివంతా అక్కడే ఉంది. ఊళ్ళో మామూలు జనం ఉండరు, కార్లు తిరగవు, కనిపించిన ప్రతివోడూ రౌడీయే, కాబట్టి ఎవణ్ణి కొట్టినా పాపం లేదు, ఊరు ఖాళీగా ఉందేంటి అనే డౌటూ రాదు. చిన్న ఊరే, కానీ ప్రతి సందులో ఏదో ఒకటుంది. ఇప్పుడొచ్చే గేముల్లో మ్యాపు తూర్పు గోదావరి జిల్లా అంత ఇచ్చి లోపల ఏమీ ఉంచట్లేదు, దానికంటే ఇది నయం.

కొనేటప్పుడు గేమ్ ఆఫ్ ది ఇయర్ ఎడిషన్ అని ఉంటుంది, అదే తీసుకోండి, క్యాట్‌వుమన్ భాగాలు, రాబిన్, నైట్‌వింగ్ అన్నీ దాంట్లో కలిపే వస్తాయి. సేల్ పెట్టినప్పుడు బిర్యానీ రేటుకన్నా తక్కువకి దొరుకుతుంది, కాబట్టి పైరసీ జోలికి పోకండి. ఈ మాట నీతి కోసం చెప్పట్లేదు, అనుభవం మీద చెప్తున్నా. అసైలమ్ వచ్చిన కొత్తల్లో మా పాలకొల్లులో ఒక నెట్ సెంటర్‌లో దాన్ని దొంగ కాపీ ఎక్కించి పెట్టారు, గంటకి ఇరవై రూపాయలిచ్చి ముగ్గురం ఒక కుర్చీలో కూర్చుని ఆడేవాళ్ళం. ఒక చోట విషవాయువు నిండిన గది దాటాలి, దూకి వీపు మీది కేప్ తెరిస్తే బ్యాట్‌మ్యాన్ అవతలికి తేలుకుంటూ వెళ్ళాలి. మా బ్యాట్‌మ్యాన్ ఏం చేసేవాడంటే, కేప్ తెరవడం మూయడం తెరవడం మూయడం, తడిసిన కోడి రెక్కలు కొట్టుకున్నట్టు, తిన్నగా కిందకి. కీబోర్డు పోయిందేమో అని ఆ సెంటరాయన కీబోర్డు మార్చాడు, అదీ అంతే. మూడు రోజుల డబ్బులు పోశాం ఆ గది దగ్గర. తర్వాతెప్పుడో తెలిసింది, దొంగ కాపీల్లో గ్లైడ్ పనిచేయకుండా గేమ్ తీసినోళ్ళే కావాలని అలా పెట్టారంట! ఎటకారంలో మన గోదారోళ్ళని మించిపోయారు.

ఇంక సెట్టింగులు. పాత కార్డు ఉన్నోళ్ళు గేమ్ మొదలయ్యే ముందు వచ్చే చిన్న విండోలోనే డైరెక్ట్ ఎక్స్ 11 తీసేయండి, టెసలేషన్ తీసేయండి, ఎన్‌విడియా కార్డు కాకపోతే ఫిజిక్స్ (PhysX) అని ఉండేది కచ్చితంగా ఆఫ్ చెయ్యండి. కంప్యూటర్ వెర్షన్ వచ్చిన కొత్తల్లో డైరెక్ట్ ఎక్స్ 11 ఆన్ చేస్తే గేమ్ తడబడేది, ఇప్పటికీ పాత కార్డుల మీద అది బరువే. అవి తీసేసినా గేమ్ బాగానే ఉంటుంది, చీకటి, మంచు, నియాన్ లైట్లు, అన్నీ రాత్రి సీన్లే కాబట్టి లోపాలు కనబడవు. సబ్‌టైటిల్స్ ఆన్ చేసుకోండి. వీలైతే గేమ్ ప్యాడ్ ఒకటి కొనండి, కీబోర్డు మీద మామూలు ఫైటింగ్ వరకు ఓకే గానీ గాడ్జెట్లు, అంటే బ్యాట్‌మ్యాన్ దగ్గరుండే రకరకాల సామాన్లు, కలిపి వాడాలంటే వేళ్ళు ముడిపడిపోతాయి, ఇది ఈ గేమ్ లోపాల్లో ఒకటి అని రాసుకోండి.

కరెంటు సంగతి మన ఏరియా వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ గేమ్‌లో మనకి నచ్చినప్పుడు సేవ్ చేసుకోడానికి లేదు, దానంతట అదే సేవ్ చేసుకుంటుంది, సేవ్ అయ్యేటప్పుడు మూల గుర్తు ఒకటి తిరుగుతుంది. సరిగ్గా ఆ టైములో కరెంటు పోతే ఫైలు చెడిపోయే ప్రమాదం ఉంది, నాకు అయ్యింది కూడా, పోయిన వేసవిలో, సగానికి పైగా ఆడింది మొత్తం పోయింది, మళ్ళీ మొదట్నించీ. యూపీఎస్ లేకపోతే వారానికోసారి సేవ్ ఫోల్డర్ కాపీ చేసి పెన్ డ్రైవ్‌లో పడేసుకోండి.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం, కొట్టుడు

మావాడు బటన్ నొక్కడమే కదా అన్నాడు చూశారా, నిజమే, కొట్టడానికి ఒకటే బటన్. ప్యాడ్ మీద ఎక్స్, మౌస్ అయితే ఎడమ బటన్. ఎదుటోడి దెబ్బ ఆపి తిరిగి కొట్టే కౌంటర్ కి వై, మౌస్ కుడి బటన్. కేప్ విదిల్చి ఎదుటోడి కళ్ళు బైర్లు కమ్మించడానికి బి, మౌస్ మధ్య చక్రం. తప్పుకోడానికి ఏ రెండు సార్లు, కీబోర్డులో స్పేస్. నాలుగే నాలుగు. దీన్ని చూసి ఇంతేనా అనుకుంటారు అందరూ. కానీ సంక్రాంతికి బరి దగ్గర నించున్నవాళ్ళకి తెలుస్తుంది, ఎగిరెగిరి పడే పుంజు తొందరగా అలిసిపోద్ది, మెడ సాచి ఎదుటిదాన్నే చూస్తూ అది లేచినప్పుడు మాత్రమే లేచే పుంజు మీద పందెం కాస్తారు అనుభవం ఉన్నోళ్ళు. ఈ గేమ్ ఫైటింగ్ అచ్చంగా అదే. మీరు టకటకా నొక్కితే బ్యాట్‌మ్యాన్ గాల్లో ఒక గుద్దు గుద్ది నిలబడిపోతాడు, కాంబో, అంటే ఆగకుండా వరసగా తగిలిన దెబ్బల లెక్క, తెగిపోద్ది, వెనకాలోడు వీపు మీద ఒకటిస్తాడు. ఒక దెబ్బ తగిలిన శబ్దం వినబడ్డాక, రెండో వాడి వైపు స్టిక్ తిప్పి, ఒక్కసారే నొక్కాలి. తగిలింది, ఒకటి. తగిలింది, ఒకటి. క్రిటికల్ స్ట్రైక్ అని ఒక అప్‌గ్రేడ్ ఉంటుంది, అది తీసుకున్నాక సరైన టైములో నొక్కిన దెబ్బకి కాంబో డబుల్ లెక్కన పెరుగుద్ది, అంటే గేమే మీకు ఓపికకి జీతం ఇస్తుందన్నమాట.

మావాడికి నేను పెట్టిన డ్రిల్లు ఏంటంటే, ఒక గంట సేపు రోడ్డు మీద కనబడ్డ ప్రతి గుంపులోకీ దిగు, కానీ ఎక్స్ నొక్కకు. కౌంటర్ మాత్రమే. ఎదుటోడు కొట్టబోయేముందు తల మీద గీతలు మెరుస్తాయి, అప్పుడు మాత్రమే వై. ఇద్దరి మీద ఒకేసారి మెరిస్తే రెండు సార్లు. అలా గంట ఆడాక ఎక్స్ కలుపుకో. వాడు మొదట్లో తిట్టుకున్నాడు గానీ రెండో రోజుకి కాంబో ఇరవై దాటించాడు.

కాంబో ఎనిమిదికి వస్తే వై, బి కలిపి నొక్కి ఒకణ్ణి ఒక్క దెబ్బకి పూర్తిగా పడుకోబెట్టొచ్చు, ఇంక లేవడు. దీన్ని ఎనిమిది నుంచి ఐదుకి తగ్గించే అప్‌గ్రేడ్ ఒకటుంది, స్పెషల్ కాంబో బూస్ట్, మొదట్లో కవచం ఒకటి రెండు తీసుకున్నాక దీనికే పాయింట్లు పెట్టండి. చాలామంది కొత్త కొత్త బొమ్మలకి పెట్టేసి ఫైటింగ్‌లో తన్నులు తింటారు.

రౌడీల్లో రకాలు వస్తాయి కథ సాగే కొద్దీ, ఇక్కడే టకటకా గాళ్ళు దొరికిపోతారు. కవచం వేసుకున్నోడికి మామూలు గుద్దు ఎక్కదు, ముందు కేప్‌తో బైర్లు కమ్మించి ఆ తర్వాత ఎక్స్ వరసపెట్టి నొక్కాలి, ఈ ఒక్కచోటే టకటకా పనికొచ్చేది. డాలు పట్టుకున్నోడికి కేప్ విదిల్చి, వెంటనే ఏ రెండు సార్లు నొక్కితే వాడి మీదకెగిరి పై నుంచి తంతాడు. షాక్ కొట్టే కర్ర ఉన్నోణ్ణి ఎదురుగా ముట్టుకోకూడదు, వాడి మీద నుంచి దూకి వీపు మీద కొట్టాలి. కత్తి ఉన్నోడికి కౌంటర్ బటన్ నొక్కి పట్టుకుని స్టిక్ వెనక్కి లాగాలి, వాడు మూడు ఊపులు ఊపుతాడు, మూడూ తప్పుకోవాలి. ఇక కొండలా ఉండే టైటాన్ మందు తాగినోళ్ళకి కేప్ మూడుసార్లు వరసగా విదిల్చి అప్పుడు కొట్టాలి. ఇవన్నీ కలిపి ఒకే గదిలో పదిహేను మందిని వదుల్తాడు చివర్లో, అప్పుడు ఎవణ్ణి ముందు, ఎవణ్ణి వెనక అని బుర్ర పెట్టి ఆడటం ఉంది చూశారూ, తర్వాత వచ్చిన బోలెడు గేములు ఈ పద్ధతినే ఎత్తుకుపోయాయి గానీ ఈ బరువు, ఆ ఎముక విరిగిన సౌండు రాలేదు.

లోపం లేదా అంటే ఉంది. గుంపు ఎక్కువైతే మనం ఒకడి వైపు తిప్పితే బ్యాట్‌మ్యాన్ ఇంకొకడి మీదకి ఎగురుతాడు, ముఖ్యంగా షాక్ కర్రోడు మధ్యలో ఉన్నప్పుడు, సరిగ్గా వాడి మీదకే ఎళ్ళి ఛావు దెబ్బ తింటాడు. గోడ మూలకి నెట్టేస్తే కెమెరా కూడా మొరాయిస్తుంది. కాబట్టి ఎప్పుడూ గది మధ్యకి ఫైటింగ్‌ని లాక్కురండి.

ఎగరడం, దీనికి ముందు ఒక పని ఉంది

గేమ్ మొదలైన గంటలో మ్యాపులో ఏఆర్ ట్రైనింగ్ అని కొన్ని గుర్తులు వస్తాయి, గాల్లో రింగుల్లోంచి దూరి వెళ్ళే ప్రాక్టీసు. అందరూ ఇదేదో పిల్లల ఆట అని వదిలేస్తారు, మా వాడూ వదిలేశాడు. వదలకండి! కథ పక్కన పెట్టి ముందు ఇదే చెయ్యండి. మొదటి నాలుగూ పూర్తి చేస్తే గ్రాప్నెల్ బూస్ట్ ఇస్తారు, అంటే తాడు విసిరి బిల్డింగు అంచుకి లాక్కుంటూ వెళ్ళి అంచు దగ్గర ఆగకుండా రాయి వడిసెలలోంచి లేచినట్టు పైకి లేచిపోవడం. అది లేకుండా ఆడేవాడు మెట్లెక్కి దిగుతున్నట్టు ఆడతాడు, అది వచ్చినోడికి కాలు నేల మీద ఆనదు. గాల్లో ఉన్నప్పుడు ముక్కు కిందకి పెట్టి డైవ్ చేసి, నేల దగ్గరపడ్డాక పైకి లాగితే వచ్చిన వేగంతో మళ్ళీ పైకి లేస్తాడు, ఈ లయ చేతికి అందితే ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి దిగకుండా పోవచ్చు. మా చెరువుల మీద గద్ద చేప కోసం దిగి నీళ్ళు తాకీ తాకకుండా లేస్తుంది కదా, అచ్చు అదే.

దీనికి మంచి ప్రాక్టీసు, వీధుల్లో ఎక్కడో టెలిఫోన్ మోగుతూ ఉంటుంది, ఎత్తితే జాస్ అనే సైకో మాట్లాడతాడు, ఫలానా టైములోపు ఇంకో ఫోన్ దగ్గరకి రాకపోతే ఒకణ్ణి చంపేస్తానంటాడు. మొదటిసారి నాకు చెమటలు పట్టాయి. షెడ్డులో అర్ధరాత్రి ఒంటరిగా ఉండి ఆ గొంతు వింటే మీకూ పడతాయి.

చీకట్లో వేట

తుపాకులున్న గదుల్లో ఎదురెళితే రెండు సెకన్లలో చస్తారు. పైన రాతి బొమ్మల మీద కూర్చుని కొంగలా కదలకుండా చూడాలి, ఎవడు గుంపు నుంచి విడిపోతాడో వాణ్ణి పట్టాలి. తలకిందులుగా వేలాడి పైకి లాగేయడం, నేల కింద జాలీలోంచి లేచి లాగేయడం, బలహీనమైన గోడ పగలగొట్టుకుని వచ్చి పట్టుకోవడం, ఎన్ని దారులో. ఒకణ్ణి పడేశాక మిగిలినోళ్ళు భయపడటం మొదలుపెడతారు, గొంతులు మారతాయి, శబ్దం వస్తే గాల్లోకి కాల్చేస్తారు, వాళ్ళ భయమే మన సరదా. ఇక్కడ కూడా తొందరపడితే మజా మొత్తం పోద్ది. ఒక గది ఇరవై నిమిషాలు తీసుకోండి, ఏం కొంపలు మునగవు.

ఈ గేమ్‌లోకెల్లా నాకు నచ్చిన ఫైటు ఇక్కడిదే, మిస్టర్ ఫ్రీజ్ అనే విలన్‌ది. ఆయన మీద ఒకసారి వాడిన ట్రిక్కు రెండోసారి పనిచేయదు, నేర్చేసుకుంటాడు. వెనక నుంచి పట్టుకుంటే ఇంక వెనక రక్షణ పెట్టేసుకుంటాడు, జాలీ కింద నుంచి లాగితే జాలీలన్నీ ఐస్‌తో మూసేస్తాడు. అప్పటిదాకా నేర్చుకున్న ప్రతి ట్రిక్కూ ఒక్కొక్కసారి వాడాల్సిందే. పరీక్ష పేపర్లో సిలబస్ మొత్తం అడిగినట్టు. మిగిలిన పెద్ద ఫైటులు ఈ స్థాయిలో లేవండి, ఉన్నమాట చెప్పాలి, చాలావరకు ఒక లావాటోడు మీదకి పరిగెత్తుకుంటూ వస్తాడు, పక్కకి తప్పుకో, కొట్టు, మధ్యలో చిల్లర రౌడీలు, మళ్ళీ తప్పుకో. ఫ్రీజ్ దగ్గర చూపించిన బుర్ర మిగతా చోట్ల ఏమైందో.

ఆ నీలం కళ్ళజోడు

డిటెక్టివ్ మోడ్. ఒక బటన్ నొక్కితే గోడల అవతల మనుషులు ఎముకల గూళ్ళలా కనబడతారు, తుపాకీ ఉన్నోడు ఎరుపు, లేనోడు నీలం, ఎక్కడ తాడు తగిలించాలో, ఏ గోడ పగులుద్దో అన్నీ తెలిసిపోతాయి. మరీ అంత ఉపయోగమైంది చేతికిస్తే ఎవడు ఆపుతాడు చెప్పండి, అందరూ అది ఆన్‌లో పెట్టే గేమ్ మొత్తం ఆడేస్తారు, ఊరంతా నీలం రంగు అని మా వాడు అన్నది అందుకే. ఈ గేమ్ తీసినోళ్ళు కట్టిన ఊరు, ఆ పాడుబడ్డ థియేటర్లు, మంచు పట్టిన గుర్రపు బొమ్మలు, గోడల మీద రాతలు, ఒక్కటీ చూడకుండా అయిపోద్ది. అసైలమ్‌లోనే ఈ గోల ఉంది, ఇక్కడ కొంచెం తగ్గించారు, కొంతమంది రౌడీలు వీపుకి జామర్ తగిలించుకుని వస్తారు, వాడు ఉన్నంతసేపూ కళ్ళజోడు పనిచేయదు, మంచి ఐడియా. కానీ సరిపోలేదు.

నేను పెట్టుకున్న రూలు చెప్తా. రాత్రి చెరువు గట్టు మీద నడిచేటప్పుడు టార్చి ఎప్పుడూ వేసే ఉంచితే ఆ వెలుగు పడినంతవరకే కనబడుద్ది, ఆర్పేసి రెండు నిమిషాలు ఆగితే మొత్తం చెరువు కనబడుద్ది. ఇదీ అంతే. గదిలోకి వచ్చినప్పుడు ఒకసారి నొక్కండి, ఎంతమంది, ఎక్కడెక్కడ, చూసుకుని ఆపేయండి. దారి తప్పితే మళ్ళీ ఒకసారి. వీధుల్లో అసలు వద్దు. ఇలా ఆడితే ఇది వేరే గేమ్.

రిడ్లర్ గాడి ట్రోఫీలు

ఇక్కడే మా వాడు వారం పోగొట్టుకున్నది. రిడ్లర్ అంటే పొడుపు కథల పిచ్చి ఉన్న విలన్, ఆ ఆకుపచ్చ క్వశ్చన్ మార్కులు వాడివే. బ్యాట్‌మ్యాన్‌కి 400, క్యాట్‌వుమన్‌కి 40, మొత్తం 440 పజిళ్ళు, ట్రోఫీలు ఊరంతా దాచిపెట్టారు. అసైలమ్‌లో 240 ఉండేవి, చిన్న దీవి కాబట్టి ముద్దుగా ఉండేది. ఇక్కడ అడుగడుక్కీ ఒకటి. వాటిల్లో కొన్ని నిజంగా తెలివైనవి, బటన్ల మీద ఏ వరసలో దూకాలి, రిమోట్ బ్యాటరాంగ్‌ని, అంటే విసిరాక మనం తిప్పగలిగే గబ్బిలం ఆకారపు ఆయుధాన్ని, ఎలా తిప్పి కరెంటులోంచి దూర్చాలి అని బుర్రకి పదును. కానీ సగానికి సగం లెక్క కోసం పెట్టినవి. పైగా చాలావాటికి కావాల్సిన గాడ్జెట్ కథలో తర్వాతెప్పుడో వస్తుంది, ఆ సంగతి గేమ్ చెప్పదు, మా వాడు ఒక పంజరం ముందు రెండు గంటలు కూర్చున్నాడు, దాన్ని తెరిచే సామాను వాడి దగ్గర అసలు లేదు!

ఏం చేయాలంటే, దారిలో పది సెకన్లలో దొరికేది తీసుకోండి. కాసేపు చూసి అర్థం కాకపోతే వదిలేయండి, ఒకసారి చూస్తే మ్యాపులో గుర్తు పెట్టుకునే వీలుంటుంది, కథ అయిపోయాక అన్ని సామాన్లతో రావొచ్చు. గుంపుల్లో డిటెక్టివ్ మోడ్ పెడితే ఆకుపచ్చగా మెరిసేవాడు ఒకడుంటాడు, రిడ్లర్ మనిషి. వాణ్ణి కొట్టకుండా మిగిలినోళ్ళని పడేసి ఆఖరికి వాణ్ణి పట్టుకుని అడిగితే ట్రోఫీలు ఎక్కడున్నాయో మ్యాపులో పడతాయి. వాణ్ణి కొట్టకుండా గుంపుని కొట్టడం కూడా మంచి ప్రాక్టీసే. 440 మొత్తం కావాలి అనుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళకో దండం, నేను రెండొందల దగ్గర ఆగిపోయాను, ఏమీ బాధ లేదు.

కథ గురించి

ఇక్కడ చిన్న విషయం బయటపెట్టక తప్పదు, మొదట్లోనే జరిగేదే. బ్యాట్‌మ్యాన్‌కి విషం ఎక్కుద్ది, కొన్ని గంటలే టైము ఉంది అంటారు. ఇంకో పక్కన ప్రోటోకాల్ 10 అనే రహస్య పథకం మొదలవడానికి గంటలు లెక్కపెడుతూ మైకులో చెప్తూ ఉంటాడు ఒకాయన. మరి అంత అర్జెంటు అయితే ఊళ్ళో ఈ సైడ్ పనులన్నీ ఎప్పుడు చెయ్యాలి? మంటపం దగ్గర పెళ్ళికొడుకు కోసం చూస్తుంటే వాడు దారిలో చెరుకు రసం తాగుతూ కూర్చున్నట్టు ఉంటుంది. దాంతోపాటు జోకర్, పెంగ్విన్, టూ ఫేస్, ఫ్రీజ్, హ్యూగో స్ట్రేంజ్, ఇంకా బోలెడు మంది విలన్లు, పెళ్ళి భోజనంలో ఇరవై రకాలు వడ్డించి దేన్నీ తిననివ్వకుండా ఆకు ఎత్తేసినట్టు కొంతమంది వచ్చిన పని కూడా తెలీకుండా పోతారు. అసైలమ్ కథ చిన్నది, బిగుతుగా ఉంది, ఆ విషయంలో నా ఓటు దానికే. కానీ సిటీ ఆఖరి పది నిమిషాలు మాత్రం, చెప్పను, ఆడినోళ్ళకి తెలుసు, నేను గేమ్ ఆపాక కాసేపు గట్టు మీదకెళ్ళి నించున్నాను.

ఆ బరువు రావడానికి సగం కారణం గొంతులు. బ్యాట్‌మ్యాన్‌కి కెవిన్ కాన్రాయ్, జోకర్‌కి మార్క్ హామిల్, 1992లో మొదలైన టీవీ కార్టూన్ నుంచీ ఆ పాత్రలకి గొంతిచ్చింది వాళ్ళే, ఆ కార్టూన్‌కి రాసిన పాల్ డీనీయే ఈ గేమ్ కథ రాసినవాళ్ళల్లో ఉన్నాడు. కాన్రాయ్ 2022 నవంబర్‌లో పోయారు. ఆ తర్వాత మూడోసారి ఆడాను, ఆయన మాట్లాడే ప్రతి లైనూ ఆగి విన్నా. అందుకే ఇంగ్లీషు అర్థం కాకపోయినా కట్ సీన్లు స్కిప్ చేయకండి.

కథ ఆడే విధానం నేను చెప్పేదేంటంటే, మొదట్లో ఏఆర్ ట్రైనింగ్, ఒకటి రెండు ఫోన్ కాల్స్, అంతే. ఆ తర్వాత సైడ్ పనులు తగ్గించి మెయిన్ కథ వరసగా లాగేయండి, అది అయిపోయాక కూడా ఊరు తెరిచే ఉంటుంది, మిగిలినవన్నీ తాపీగా. నాకు మెయిన్ కథ ఒక పదిహేను గంటలు పట్టింది, రాత్రికి రెండు గంటలు చొప్పున వారం రోజులు.

క్యాట్‌వుమన్ భాగాలు మధ్యమధ్యలో వస్తాయి. ఫైటింగ్‌లో ఆవిడ బ్యాట్‌మ్యాన్ కంటే చురుకు, బాగుంటుంది, కానీ ఊళ్ళో తిరగడం మాత్రం కొరడాతో లాక్కుంటూ గోడలెక్కుతూ, గ్లైడ్ అలవాటైనోడికి విమానం దిగి సైకిలెక్కినట్టే. ఇంకోటి, ఆవిణ్ణి చూసి రౌడీలు అనే మాటలు బాగోవు, గేమ్ వచ్చినప్పుడే దీనిమీద చాలామంది తిట్టారు, తిట్టడం న్యాయమే. హాల్లో స్పీకర్లు పెట్టుకుని ఆడేవాళ్ళు ఆ భాగాల్లో హెడ్‌ఫోన్ పెట్టుకోండి, అమ్మగారు వంటింట్లోంచి వినేస్తారు.

అంతా అయ్యాక న్యూ గేమ్ ప్లస్ అని ఒకటి తెరుచుకుంటుంది. సామాన్లన్నీ ఉంటాయి, శత్రువులు కష్టమవుతారు, తల మీద మెరిసే కౌంటర్ గీతలు ఇంక రావు. వాడు భుజం ఎలా తిప్పాడు, కాలు ఎలా వేశాడు అని చూసి నొక్కాల్సిందే. నిజంగా ఆట వచ్చిందో లేదో అక్కడ తేలుద్ది. మొదటిసారి నచ్చకపోతే ఇది ముట్టుకోకండి.

వరస అడుగుతారు చాలామంది. టైముంటే అసైలమ్ ముందు ఆడండి, సిటీ మొదట్లో ఏదీ నింపాదిగా నేర్పించదు, అన్నీ వచ్చనుకునే మొదలెడుతుంది. 2013లో వచ్చిన ఆర్ఖమ్ ఆరిజిన్స్ రాక్‌స్టెడీది కాదు, మాంట్రియల్‌లో వేరే టీమ్ తీశారు, గొంతులూ వేరు, పెద్దగా కొత్తదనం లేదు గానీ డెత్‌స్ట్రోక్ అనే విలన్‌తో ఫైటు ఒక్కటీ కౌంటర్ నేర్చుకున్నోడికి పండగ. 2015లో ఆర్ఖమ్ నైట్, చూడ్డానికి ఇప్పటికీ కళ్ళు చెదురుతాయి, కానీ బ్యాట్‌మ్యాన్ కారు బ్యాట్‌మొబైల్‌ని ట్యాంకు చేసి యుద్ధాలు పెట్టి పెట్టి చంపారు, కంప్యూటర్ వెర్షన్ అయితే జూన్‌లో విడుదలైన రోజుల్లోనే అమ్మడం ఆపేసి బాగు చేసి అక్టోబర్‌లో మళ్ళీ పెట్టారు. పూర్తి క్లైమాక్స్ చూడాలంటే రిడ్లర్‌వి 243 మొత్తం చెయ్యాలి, ఇంతకంటే పగ ఉంటుందా? మా వాడి పాత కార్డు మీద అది ఎలాగూ ఆడదు కాబట్టి ఆ గొడవ లేదు.

నిన్న రాత్రి మళ్ళీ ఫోన్ చేశాడు. మావయ్యా, ఫ్రీజ్ దగ్గర ఇరుక్కుపోయాను, వెనక నుంచి పట్టా, జాలీలోంచి లాగా, పై నుంచి దూకా, ఇంకేం మిగల్లేదు అన్నాడు. గోడ పగలగొట్టుకుని వచ్చావా అంటే ఆగాడు. అక్కడున్న పెద్ద అయస్కాంతాలకి ఎలక్ట్రిక్ చార్జ్ గన్‌తో కొట్టావా అంటే ఇంకా ఆగాడు. సరే ఉండు మావయ్యా, ఫోన్ పెట్టకు, స్పీకర్లో వేస్తా, చూస్తూ చెప్పు అన్నాడు గానీ అప్పటికే రెండో చెరువులో ఏరేటర్ సౌండు మారింది, తెల్లారాక చేస్తానని పెట్టేశాను.